గాలి దారి మూసుకున్న ట్యాంకు: ఒక మరమ్మతు డైరీ

ఏప్రిల్ 20, 2025, ఆదివారం

నా బైకు 2021లో కొన్న 150 సీసీ బండి, బీఎస్6 కాలుష్య ప్రమాణాలది. ఇంజెక్టర్‌తో నడిచేది, ఇప్పటికి 41 వేల కిలోమీటర్లు తిరిగింది. హనుమకొండలోని మా ఇంటి నుంచి పరకాల వైపు ఉద్యోగానికి రోజూ దీని మీదే వెళ్తాను. యాసంగి వడ్ల కొనుగోళ్లు మొదలయ్యాక ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి తిరగవలసి రావడంతో రోజుకు 90 కిలోమీటర్లకు తగ్గడం లేదు. ఉగాది తర్వాత ఈ బండికి ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున చల్లటి వేళ ఏ ఇబ్బందీ ఉండదు. మధ్యాహ్నం ఎండలో బయలుదేరితే మాత్రం సరిగ్గా గూడెప్పాడ్ దాటాక, అంటే పాతిక కిలోమీటర్ల లోపే, పెట్రోలు అయిపోయినట్టు కుదుపులు మొదలై, యాక్సిలరేటర్ తిప్పినా వేగం అందుకోక, చివరికి రోడ్డు పక్కన ఆగిపోతుంది. ట్యాంకులో చూస్తే సగానికి పైగా పెట్రోలు ఉంటుంది.

ఇప్పటికే రెండు ఖర్చులు అయ్యాయి. స్పార్క్ ప్లగ్ మార్చాం, పెట్రోలు పంపు జాలీ మార్చాం. రెండింటి వల్లా ఒక్క కిలోమీటరు తేడా కూడా రాలేదు. ఈ మధ్య ఏ బండికి ఏ రోగం వచ్చినా ఈ20 పెట్రోలు (ఇరవై శాతం ఇథనాల్ కలిపినది) మీదికి నెట్టడం అలవాటైంది కాబట్టి అదీ చూశాను. ట్యాంకు అడుగు నుంచి చేతి పంపుతో కాస్త పెట్రోలు తీసి, గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచాను. అడుగున వేరే పొర ఏదీ తేలలేదు. వేరుపడి అడుగున చేరేంత నీరు లేదన్నది ఖాయమైంది.

ఈ రోజు ఆగినప్పుడు మాత్రం ఒక ఆధారం దొరికింది. ట్యాంకు మూత తాళం తిప్పగానే ‘స్స్’ మని శబ్దం వచ్చింది, మూత పెట్టి సెల్ఫ్ కొడితే బండి వెంటనే అందుకుంది. శబ్దమైతే విన్నాను కానీ ఆ గాలి బయటికి వచ్చిందో, లోపలికి పోయిందో తెలియలేదు. ఎండాకాలంలో ఆవిరి ఒత్తిడికి గాలి బయటికి రావడం మామూలే. లోపలికి పోతే కథ వేరు.

ఏప్రిల్ 24

ఆర్టీసీ బస్సు టికెట్టు కాగితం చాలా పలుచనిది. దాన్ని సన్నగా చింపి జేబులో పెట్టుకున్నాను. ఇవాళ బండి కుదిపిన వెంటనే ఆపి, ఆ కాగితాన్ని మూత అంచుకు దగ్గరగా పట్టుకుని తాళం తిప్పాను. కాగితం మూతకు అతుక్కుని, సందులోకి వంగి, శబ్దం ఆగే దాకా అలాగే ఉండిపోయింది. ట్యాంకు గాలిని లోపలికి పీలుస్తోంది. వాడిన పెట్రోలు స్థానంలోకి గాలి చేరడం లేదన్న మాట.

ఏప్రిల్ 27, ఆదివారం

ట్యాంకు వెనక బోల్టు విప్పి, లేపి, కింద ఒక చెక్క పెట్టి గాలి నడిచే దారి మొత్తం కాగితం మీద గీసుకున్నాను. మూత తెరిస్తే పెట్రోలు పోసే ఫిల్లర్ మెడ దగ్గర చిన్న రంధ్రాలు రెండు కనిపిస్తాయి. ఒకటి మూత చుట్టూ నిలిచే వాన నీటిని సన్నటి పైపు ద్వారా నేల మీదికి వదిలేది. రెండోది ట్యాంకు ఊపిరి తీసుకునేది. ఈ రెండింటినీ ఒకటిగా పొరబడేవాళ్లు చాలామంది, నిన్నటి వరకు నేనూ వారిలో ఒకడిని. ఊపిరి పైపు ట్యాంకు కింది నుంచి బయలుదేరి, బండి పడిపోయినప్పుడు పెట్రోలు కారకుండా ఆపే చిన్న వాల్వు గుండా వెళ్లి, సీటు కింద పక్కగా బిగించిన నల్లటి డబ్బాలోకి చేరుతుంది. అదే క్యానిస్టర్. దాని నిండా ఉత్తేజిత బొగ్గు గుళికలు ఉంటాయి. డబ్బాకు మరో రెండు నోళ్లు ఉన్నాయి. ఒకటి బయటి గాలికి తెరిచి ఉంటుంది, రెండోది పర్జ్ వాల్వు మీదుగా, ఇంజిన్‌కు గాలి వెళ్లే త్రాటిల్ బాడీకి చేరుతుంది.

పని తీరు సులువైనదే. బండి ఎండలో నిలిచినప్పుడు ట్యాంకులోని పెట్రోలు ఆవిరై ఉబ్బుతుంది, ఆ ఆవిరిని గాలిలోకి వదలకుండా బొగ్గు తన ఒంటికి పట్టించుకుంటుంది. తర్వాత ఇంజిన్ నడుస్తున్నప్పుడు బండిలోని చిన్న కంప్యూటర్, అంటే ఈసీయూ, అనువైన సమయం చూసి పర్జ్ వాల్వు తెరుస్తుంది, ఇంజిన్ పీల్పుకు బయటి గాలి డబ్బాలోకి వచ్చి, బొగ్గు పట్టుకున్న ఆవిరిని విడిపించి సిలిండర్‌లోకి తీసుకుపోతుంది. ట్యాంకులో పెట్రోలు తగ్గే కొద్దీ చేరవలసిన గాలి కూడా ఇదే డబ్బా గుండా వెనక్కి నడిచి వస్తుంది. అంటే ఈ ఒక్క దారి ఎక్కడ మూసుకున్నా ట్యాంకుకు ఊపిరి ఆడదు.

డబ్బా బయటి నోటికి తొడిగిన పైపు చివర వేలు పెడితే గట్టిగా తగిలింది. మట్టి. గోడల మూలల్లో చిన్న మట్టి గూళ్లు కట్టే కందిరీగ అందులో శ్రద్ధగా ఇల్లు కట్టుకుంది. సైకిల్ పుల్లతో జాగ్రత్తగా తవ్వి తీశాను. దొరికిపోయిందనుకుని ట్యాంకు బిగించి, సాయంత్రం ఇంట్లో వాళ్లకు చాలా గొప్పగా చెప్పుకున్నాను.

ఏప్రిల్ 29

గూడెప్పాడ్ దాటాక మళ్లీ ఆగింది. టికెట్టు కాగితం మళ్లీ లోపలికే వంగింది.

మే 1

సెలవు కాబట్టి మా వీధి మెకానిక్‌కు చూపించాను. అతను విషయం విని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “గా డబ్బ తీసి అవతల పారేద్దాం సార్. మస్తు బండ్లకు తీసేసిన, ఏం గాదు. పొల్యూషన్ సర్టిఫికెట్ గూడ వస్తది,” అన్నాడు. సర్టిఫికెట్ మాట వరకు అతను చెప్పింది నిజమే, ఎందుకంటే ఆ పరీక్ష సైలెన్సర్ నుంచి వచ్చే పొగనే చూస్తుంది, ట్యాంకు నుంచి తప్పించుకునే ఆవిరి జోలికి పోదు. “వద్దు తమ్ముడూ, ఎక్కడ మూసుకుందో తెలిశాక చూద్దాం,” అన్నాను. “మీ ఇష్టం సార్, టైం మీది,” అని నవ్వాడు.

డబ్బా తీసేయడం నాకు రెండు కారణాల వల్ల ఇష్టం లేదు. మొదటిది, జబ్బు డబ్బాలో ఉందని ఇంకా రుజువు కాలేదు, పైపులో ఉంటే డబ్బా తీసినా బండి ఆగుతూనే ఉంటుంది. రెండోది, తీసేసేవాళ్లు ఊపిరి పైపును ఇంజిన్ పక్కకు వేలాడదీస్తారు, అప్పుడు పెట్రోలు ఆవిరి వేడి ఇంజిన్ మీదికి, మన ముక్కులోకి వస్తుంది. పైగా కొందరు తెలియక ఆ పైపుకే బిరడా పెట్టేస్తారు.

మే 4, ఆదివారం

ఇవాళ చేత్తో పెద్దగా పని చేయలేదు, లెక్క మాత్రం వేసుకున్నాను. 12 లీటర్ల ట్యాంకులో సగం పెట్రోలు, సగం గాలి ఉన్నాయనుకుందాం. నా బండి లీటరుకు దాదాపు 45 కిలోమీటర్లు ఇస్తుంది. గాలి అసలు చేరకుండా ఒక లీటరు పెట్రోలు వాడితే, 6 లీటర్ల చోటులో ఉన్న గాలి 7 లీటర్లకు వ్యాపించాలి. పూర్తిగా గాలే అయితే లోపలి పీడనం వాతావరణ పీడనంలో ఏడో వంతు, అంటే 14 కిలోపాస్కల్స్ తగ్గుతుంది. ఒక చదరపు అడుగు రేకు మీద అది సుమారు 130 కిలోల బరువు మోపినట్టు. పెట్రోలు ఆవిరి ఆ లోటును కొంత పూడుస్తుంది కాబట్టి వాస్తవంలో ఇంత ఉండదు, కానీ కొన్ని బండ్ల ట్యాంకులు ఏ దెబ్బా తగలకుండా లోపలికి సొట్ట పోవడం ఎందుకో ఈ లెక్కతో అర్థమైంది.

ఇక్కడ ఒక సందేహం వచ్చింది. ఇంజెక్టర్ బండిలో పంపు సుమారు 3 బార్, అంటే 300 కిలోపాస్కల్స్ పీడనంతో పెట్రోలును తోస్తుంది. దాని ముందు ట్యాంకులో పదో, పన్నెండో కిలోపాస్కల్స్ లోటు ఎంత? ఆ తేడాకు ఇంజిన్‌కు చేరే పెట్రోలు రెండు శాతం తగ్గవచ్చు, బండి ఆగిపోయేంత కాదు. మా నాన్న పాత కార్బ్యురేటర్ బండి సంగతి వేరు. దానికి పంపు లేదు, ట్యాంకు నుంచి కిందికి జారే 25 సెంటీమీటర్ల పెట్రోలు ఎత్తే దాని బలం. నీటితో కొలిస్తే అది 18 సెంటీమీటర్లకు సమానం, రెండు కిలోపాస్కల్స్‌కు కూడా చాలదు. మూత రంధ్రం మూసుకుంటే ఆ బండి కొద్ది దూరంలోనే ఆగేది, నాన్న దిగి మూత తెరిచి మూసి మళ్లీ ఎక్కేవారు. మా చిన్నప్పుడు అదేదో మంత్రమనుకునేవాళ్లం.

మరి నా బండి ఎందుకు ఆగుతోంది? జవాబు ఎండలో ఉంది. వేడెక్కిన పెట్రోలు మీద పీడనం తగ్గితే అది త్వరగా మరుగుతుంది. పంపు పీల్చే చోట పీడనం మరికాస్త తక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ బుడగలు లేస్తాయి. పంపు ద్రవాన్ని తోయగలదు, బుడగలను తోయలేదు. పొద్దున బాగుండి మధ్యాహ్నం ఆగడానికి ఇంతకంటే సరిపోయే వివరణ నాకు తోచలేదు.

మే 11, ఆదివారం

ఉద్యోగంలో వడ్ల తేమ 17 శాతం దాటిందా లేదా అని రోజంతా మీటరు చూసే మనిషిని, కొలవకుండా ఒక మాట అనడం నాకు చేతకాదు. ఇల్లు కట్టే మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన నీళ్ల పైపు ఉంటుంది కదా, దాన్ని రెండు మీటర్లు తెచ్చి, చెక్క మీద ‘యు’ ఆకారంలో మేకులతో బిగించి, పక్కన స్కేలు అంటించి, నీలిమందు కలిపిన నీళ్లు సగం వరకు పోశాను. చేపల తొట్టికి వాడే టీ ఆకారపు ముక్కతో దీన్ని ట్యాంకు కిందనే ఊపిరి పైపుకు కలిపాను. నీటిలో ఒక సెంటీమీటరు తేడా దాదాపు 100 పాస్కల్స్‌కు సమానం.

ఎండ వేడి కొలతను చెడగొట్టకుండా తెల్లవారుజామున అయిదున్నరకే ఇంజిన్ ఆన్ చేసి ఐడిల్‌లో ఉంచాను. అయిదు నిమిషాలకు 2 సెంటీమీటర్లు, పదికి 4, ఇరవైకి 9. నీలి నీరు ట్యాంకు వైపు మెల్లగా ఎక్కుతుంటే చూడడం ఎంత ఆనందమో చెప్పలేను. మూత తెరవగానే రెండు వైపులా నీరు సమానమైంది. తర్వాత క్యానిస్టర్ దగ్గర పైపు ఊడదీసి, అంటే డబ్బాను పూర్తిగా పక్కకు తప్పించి, మళ్లీ ఇరవై నిమిషాలు నడిపాను. 8 సెంటీమీటర్లు. డబ్బా లేకపోయినా పీల్పు అలాగే ఉంది. మెకానిక్ మాట విని డబ్బా పారేసి ఉంటే ఏమయ్యేదో ఈ ఒక్క అంకె చెబుతోంది.

మిగిలింది ట్యాంకుకూ డబ్బాకూ మధ్య ఉన్న పైపు, పడిపోయినప్పుడు మూసుకునే వాల్వు. వాల్వును నిలువుగా పట్టుకుంటే గాలి పోతోంది, పడుకోబెడితే ఆగుతోంది, ఊపితే లోపలి గోళీ కదులుతోంది. దానికి వంక లేదు. పైపును ఏప్రిల్‌లోనే పరీక్షించాననుకున్నాను, ట్యాంకు వైపు నుంచి నోటితో ఊదితే గాలి హాయిగా పోయింది. ఇప్పుడు అదే చివర పెద్ద సిరంజి పెట్టి వెనక్కి లాగాను. పిడి సగంలో ఆగిపోయి, వదిలితే తిరిగి లోపలికి పోయింది.

టార్చి వేసి వేలితో తడుముతూ పోతే వెనక బోల్టు దగ్గర, ఫ్రేముకూ ట్యాంకు రేకుకూ మధ్య రబ్బరు పైపు చపాతీలా అణిగి కనిపించింది. ఉగాది ముందు సర్వీసులో ట్యాంకు లేపి తిరిగి బిగించినప్పుడు పైపు తన గాడిలో కాక బోల్టు పక్కన పడింది. అణిగిన రబ్బరు గుణం చిత్రమైనది. లోపలి నుంచి ఊదితే పెదవుల్లా విచ్చుకుంటుంది, పీలిస్తే అతుక్కుపోతుంది. ఆవిరి బయటికి పోవడానికి అడ్డు లేదు, గాలి లోపలికి రావడానికే అడ్డు. నోటితో ఊది పైపు మంచిదేనని నేను తేల్చేసిన పొరపాటు ఇక్కడ ఉంది.

ఆ ముక్క కోసేసి, పెట్రోలుకు తట్టుకునే కొత్త రబ్బరు పైపు వేసి, గాడిలో కూర్చోబెట్టి, ట్యాంకు దించాను. ఇరవై నిమిషాల తర్వాత నీటి తేడా అర సెంటీమీటరు.

మే 14

మూడు రోజులు మండుటెండలో తిరిగాను, ఒక్కసారి కూడా ఆగలేదు. అయితే రెండో జబ్బు ఇప్పుడు బయటపడింది. ఫుల్ ట్యాంక్ చేయించిన రోజున, వేడి బండిని ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే అందుకోవడం లేదు. యాక్సిలరేటర్ తెరిచి పట్టుకుంటే దగ్గి, నల్లగా పొగ వదిలి అందుకుంటోంది, సీటు కింద పెట్రోలు వాసన. ఇది మునుపూ ఉండేదే, ఆగిపోయే గోలలో పట్టించుకోలేదు. పర్జ్ వాల్వు నుంచి త్రాటిల్ బాడీకి వెళ్లే పైపును చేత్తో మడిచి పట్టుకుని స్టార్ట్ చేస్తే మొదటి మీటకే అందుకుంది. అంటే వాల్వు మూసుకుని ఉండవలసిన వేళ కూడా ఆవిరిని వదులుతోంది.

వాల్వు ఊడదీసి మల్టీమీటరుతో చూస్తే 32 ఓమ్‌లు చూపింది, తీగచుట్టలో లోపం లేదు. కరెంటు ఇవ్వకుండా సిరంజితో గాలి తోస్తే మాత్రం దర్జాగా అటు పక్కకు పోతోంది. తెల్ల గుడ్డ మీద తడితే నల్లటి పొడి రాలింది. బొగ్గు పొడి వాల్వు సీటు మీద ఇరుక్కుని దాన్ని పూర్తిగా మూసుకోనివ్వడం లేదు.

క్యానిస్టర్‌ను వంటింటి కాటా మీద పెడితే 341 గ్రాములు. వరంగల్లులో స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లి వాల్వు కొంటూ, ఇదే రకం కొత్త క్యానిస్టర్‌ను ఒకసారి తూకం వేయమని అడిగాను. దుకాణదారు నన్ను వింతగా చూసి, బోల్టులు తూచే కాటా మీద పెట్టాడు. 288 గ్రాములు. నా డబ్బాలో 53 గ్రాములు అదనం. డబ్బాను వంచితే అడుగు నుంచి రెండు చుక్కలు పెట్రోలు కూడా కారింది. ఆవిరిని పట్టవలసిన బొగ్గు ద్రవంలో నానిపోయింది.

దీనికి బాధ్యుణ్ణి నేనే. పెట్రోలు బంకులో ఆటో కట్ అయ్యాక కూడా బండిని నిటారుగా నిలబెట్టి, మెడ అంచు దాకా పోయించుకోవడం నా పాత అలవాటు, రేపు ధర పెరుగుతుందేమోనన్న భయం ఒకటి. పెట్రోలు ఒక్కో డిగ్రీకి దాదాపు వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుంది. భూమి లోపలి ట్యాంకు నుంచి వచ్చిన 12 లీటర్లు ఎండలో 25 డిగ్రీలు వేడెక్కితే 300 మిల్లీలీటర్లు పెరగాలి. పైన చోటు లేకపోతే అది ఊపిరి పైపు వెంట నేరుగా క్యానిస్టర్‌లోకి పోతుంది. మెడ కింది అంచు దాటి నింపవద్దని మాన్యువల్‌లో ఉంది. నాలుగేళ్ల తర్వాత ఇవాళ చదివాను.

బీఎస్6 నిబంధన 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మూసిన గదిలో చేసే ఆవిరి పరీక్షలో ద్విచక్ర వాహనం వదలదగ్గది 1.5 గ్రాములు మాత్రమే. నా డబ్బా ఒక్కటే 53 గ్రాములు మోస్తూ వరంగల్ రోడ్ల మీద తిరిగింది.

మే 21

క్యానిస్టర్‌ను మేడ మీద నీడలో, గాలి ఆడే చోట, పొయ్యికీ స్విచ్చులకూ దూరంగా మూడు నోళ్లూ తెరిచి వారం రోజులు ఆరబెట్టాను. ఎండలో పెట్టలేదు, కంప్రెసర్ గాలి కొట్టలేదు, గట్టిగా కొడితే గుళికలు చిట్లి మళ్లీ పొడి తయారవుతుంది. తూకం 341 నుంచి 319, 304, 297కు దిగి అక్కడే నిలిచింది. ఆ మిగిలిన 9 గ్రాములను ఇంజిన్ పీల్చుకుంటుందని తిరిగి బిగించాను. కొత్త పర్జ్ వాల్వు కూడా వేశాను. ఈ వారం బండిని ఇంట్లోనే పెట్టి, బస్సులో వెళ్లాను. టికెట్టు కాగితాలకు లోటు లేదు.

మే 25, ఆదివారం

సరస్వతీ పుష్కరాలు రేపటితో ముగుస్తాయి కాబట్టి మా ఆవిడతో కలిసి కాళేశ్వరం వెళ్లాం. పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీదుగా పోవడానికే వంద కిలోమీటర్లు దాటుతుంది. ఇద్దరి బరువు, వాహనాల రద్దీ, నత్తనడక ప్రయాణం, మధ్యలో పదిసార్లు ఆపడం, తీయడం. ఈ బండికి ఇంతకంటే కఠినమైన పరీక్ష నేను పెట్టలేను. త్రివేణి సంగమంలో స్నానం చేసి వచ్చాక, ఆపిన చోట మూత తెరిచి కాగితం పట్టుకున్నాను. కదలలేదు. “దేవుని కాడికొచ్చి గూడ గదేనా?” అని ఆమె విసుక్కుంది. వేడి బండి ప్రతిసారీ మొదటి మీటకే అందుకుంది.

జూన్ 22, ఆదివారం

రాత్రి వాన పడింది. మూత తెరవబోతే చుట్టూ ఉన్న గాడిలో నీరు నిలిచి ఉంది. ఈసారి మూసుకున్నది ఊపిరి రంధ్రం కాదు, దాని పక్కది, వాన నీరు దించే పైపు. దుమ్ము, గ్రీజు కలిసి ముద్ద కట్టింది. మూత తెరిచిన క్షణంలో ఆ నీరు ట్యాంకులోకి జారకుండా ముందు గుడ్డతో అద్ది, సన్నటి నైలాన్ దారం దూర్చి, సిరంజితో కాస్త నీళ్లు కొట్టి శుభ్రం చేశాను. పది నిమిషాల పని. వానాకాలానికి ముందే చేయవలసింది.

జూలై 6, ఆదివారం

నీళ్ల పైపు మళ్లీ కలిపి చూశాను, ఇరవై నిమిషాలకు అర సెంటీమీటరు కూడా లేదు. క్యానిస్టర్ తూకం 291. నిన్న బంకులో నాజిల్ టక్కుమని ఆగాక, “ఇంక పడ్తది సార్, నింపన్నా?” అని అబ్బాయి అడిగాడు. “వద్దు తమ్ముడూ, కట్ అయిన కాడ ఆపు,” అన్నాను. చిల్లర లెక్క కుదరక ఇద్దరం కాసేపు తడుముకున్నాం.

ట్యాంకు దించే ముందు క్యానిస్టర్ బయటి పైపు చివర చూస్తే, లోపలి గోడకు శనగ గింజంత తడి మట్టి అంటుకుని ఉంది. పాత కందిరీగో, దాని బంధువో మళ్లీ వచ్చింది. మట్టి తుడిచి, ఆ చివరకు దోమతెర ముక్క ఒక పొర చుట్టి దారంతో కట్టాను. తెర కట్టాక మళ్లీ కొలిచాను, అంకె మారలేదు.